అట్టల్లో వెతికిన ముఖం

1979, ఎండలు ముదిరిన ఏప్రిల్. బందరు కోనేరు సెంటరు నుంచి రెండు వీధులు లోపలికి వస్తే మా పాత పుస్తకాల షాపు ఉండేది. ముందు గది నాది, వెనక వరండా ఖాదర్ మావయ్యది. ఆయన బైండరు. మా నాన్నగారు షాపు తెరిచిన నాటి నుంచీ ఆ వరండాలోనే ఆయన పీట, కత్తి, పిండి గిన్నె. మాకూ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన నన్ను అల్లుడూ అనే పిలిచారు, నేను ఆయన్ని మావయ్యా అనే పిలిచాను. నా వ్యాపారంలో వేల పుస్తకాలు చేతులు మారాయి గానీ, ఆ ఏప్రిల్‌లో కలిగినంత హడావిడి, ఆనందం, సిగ్గు ఒకేసారి నాకు మరెప్పుడూ కలగలేదు.

ఆ సంగతి అర్థం కావాలంటే అప్పట్లో మేం పని చేసే పద్ధతి కొంచెం చెప్పాలి. పాత పుస్తకాలు మాకు గోతాల్లో వచ్చేవి. మూతపడిన స్కూళ్ళు, ఇళ్ళు మారే ప్లీడర్లు, అటకలు దులిపే ఇల్లాళ్ళు, వీళ్ళే మా సరఫరాదార్లు. గోతం విప్పగానే నేను చేసే మొదటి పని పుస్తకం మీది కాగితం కవరు చింపెయ్యడం. ట్రేడులో దాన్ని రాపరు అంటారు. అది ఎలాగూ మాసి, మూలలు నలిగి ఉంటుంది. తరవాత ఖాదర్ మావయ్య పుస్తకాన్ని కొత్తగా కుట్టి మూడు వైపులా అంచులు కోసేవారు. అది కటింగ్. ఎంత ముసలి పుస్తకమైనా కటింగ్ కాగానే అంచులు తెల్లగా మెరిసేవి. చివరికి హాఫ్ కాలికో, అంటే వీపుకీ మూలలకీ కాలికో గుడ్డ, మిగిలిన చోట రంగు కాగితం. "పుస్తకం పాతదైతే అవనీ, పాతగా కనపడకూడదు" అనేది మా నాన్నగారి మాట. నేను దాన్ని అక్షరాలా పాటించాను.

చింపిన కవర్లు పారేసేవాళ్ళం కాదు. బజార్లో కొన్న అట్టలు మా సముద్రపు గాలికి నాలుగు నెలల్లో వంకర్లు తిరిగేవి. అందుకని అట్టలు ఖాదర్ మావయ్యే తయారు చేసేవారు. కవర్లు, పరీక్ష పేపర్లు, శుభలేఖలు, కరపత్రాలు, ఏ కాగితం దొరికితే అది తీసుకుని, మైదా ఉడికించి, పొర మీద పొర అంటించి, మూడు రోజులు రుబ్బురోలు కింద నొక్కిపెట్టేవారు. ఎనిమిది, పది పొరలకు ఒక అట్ట. పురుగు పట్టకుండా పిండిలో చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. దీన్ని మేం వేస్టు బోర్డు అనేవాళ్ళం. నేల మీద విసిరి కొట్టినా దాని మూల వంగేది కాదు.

ఆ సంవత్సరం మొదట్లో బందరుకు బదిలీ మీద ఒక బ్యాంకు ఆఫీసరు గారు వచ్చారు. మా షాపంతా కలయజూసి, "కవరు చింపనివి ఏమైనా ఉన్నాయాండీ? అంచులు కొయ్యనివి?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. "లోపల అక్షరాలన్నీ ఉన్నాయి కదండీ. మాసిన కవరుతో మీకేం పని?" అన్నాను.

"అక్షరాలైతే లైబ్రరీలో చదువుకుంటాను. నాకు పుస్తకం కావాలి" అన్నారాయన. అని, పచారీ కొట్టుకు పొట్లాల కోసం పక్కన పెట్టిన కుప్పలోంచి ఒక చిరుగుల పుస్తకం ఏరుకుని, నా కాలికో బైండింగులకు అడిగే ధర కంటే ఎక్కువిచ్చి, దాన్ని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నేనూ ఖాదర్ మావయ్యా పగలబడి నవ్వాం. "ఎండ దెబ్బ అల్లుడూ, పాపం" అన్నారు మావయ్య. ఆ తరవాత చాలా రోజులు, ఏదైనా బాగా చిరిగిన పుస్తకం కనబడితే "ఇది ఆఫీసరు గారికి" అని ఒకరినొకరం ఆటపట్టించుకున్నాం.

అలా నవ్వుకుంటున్న రోజుల్లోనే ఒక పొద్దున రూతమ్మ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. సన్న అంచు తెల్లచీర, చేతిలో గొడుగు, భుజాన గుడ్డ సంచీ. అవనిగడ్డ దిగువన ఒక ఊళ్ళో కుట్టు టీచరట. తెల్లవారకుండానే బయల్దేరి చల్లపల్లిలో బస్సు మారి వచ్చారు. బెజవాడ ఫుట్‌పాత్‌ల మీద వెతికి వెతికి, ఎవరో మా షాపు పేరు చెబితే వచ్చానన్నారు.

"మా అమ్మ ఒక చిన్న పుస్తకం రాసింది బాబూ. ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే పుస్తకం. ఇక్కడే బందర్లో అచ్చయింది. ఒక్క కాపీ అన్నా దొరుకుద్దేమోనని..."

ఆమె మాట పూర్తి కాకముందే నేను లేచి నిలబడ్డాను. ఆ పుస్తకం నాకు తెలుసు! కిందటి వర్షాకాలంలో పెదపారుపూడి దగ్గర మూతపడిన ఒక చిన్న స్కూలు అటక మీది గోతంలో వచ్చింది. దాని కాపీలు నాలుగైదు ఉంటే మిగిలినవన్నీ చెదలు తినేసి మట్టిగా రాలాయి, ఒక్కటే బాగుంది. దాన్ని ముచ్చటపడి బైండు చేయించాను. మా వ్యాపారంలో అడిగిన మనిషికి అడిగిన పుస్తకం తీసి చేతిలో పెట్టడం ఏ పదేళ్ళకో ఒకసారి జరుగుతుంది. అది జరిగిన రోజు మాకు పండగే. స్టూలెక్కి రెండో వరసలోంచి ఆ సన్నటి పుస్తకం లాగి, చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులతో అందించాను. ఎర్ర కాలికో వీపు, తెల్లగా మెరిసే అంచులు. "చూడండమ్మా, నిన్న అచ్చయినట్టు లేదూ!" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. కాజా కుట్టు, కాడ కుట్టు, పదకొండో పేజీలో గొలుసు కుట్టు. బొమ్మలు చూస్తుంటే ఆమె కుడిచేతి వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. తరవాత పుస్తకం మొదటికి తిప్పారు. చివరికి తిప్పారు. మళ్ళీ మొదటికి.

"పై కవరేది బాబూ?"

"తీసేసి బైండు చేయించానండీ. బాగా మాసిపోయింది. ఇప్పుడు చూడండి ఎంత నీటుగా..."

"ఆ కవరు మీద మా అమ్మ ఫోటో ఉండాలి."

అవును, ఏదో బొమ్మ ఉంది. ఏం బొమ్మో నేను చూడలేదు. కవర్లు చింపేటప్పుడు వాటి వంక చూసే అలవాటు నాకు లేదు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఒక్క ఫోటో గోడకి ఉండేది. డెబ్భై ఏడు ఉప్పెనలో గోడే పోయింది. మా వాళ్ళందరం స్కూలు డాబా ఎక్కాం కాబట్టి మనుషులం దక్కాం, దేవుడి దయ. సామాను గురించి నాకు బాధ లేదు. కానీ నిరుటి దాకా కళ్ళు మూసుకుంటే అమ్మ మొహం కనపడేది బాబూ. ఇప్పుడు సరిగ్గా కనపట్టం లేదు. ఈ పుస్తకం చిన్నప్పుడొకసారి చూశాను. అమ్మ మెషీను ముందు కూర్చుని ఉంటది. అంతే గుర్తు. ఆ తరవాత మా అమ్మమ్మ పెట్లో పెట్టి తాళమేసింది, మళ్ళీ చూడనివ్వలా."

డబ్బు తీయబోతే నేను ఆమె చెయ్యి ఆపాను. తల్లి మొహాన్ని చింపేసి, మిగిలిన పుస్తకాన్ని కూతురికి అమ్మేంత మొండి గుండె నాకు లేదు. ఆవిడ సంచీ సర్దుకుని గొడుగు తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు వెనక వరండాలోంచి ఖాదర్ మావయ్య, చేతికి పిండితోనే, గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, ఆగండి. ఆ కవరు పోలా. ఎక్కడుందో ఇప్పుడే చెప్పలేను గానీ, ఉంది."

ఆవిడ గొడుగు కింద పెట్టారు. మావయ్య నా వైపు తిరిగారు. "ఈ పుస్తకం కట్టినప్పుడు తీసిన కవర్లు ఆ తరవాత విడత అట్టల్లోకి వెళ్ళినయ్. అవునా, అల్లుడూ? ఆ విడత అట్టలకి ఏ గుడ్డ వేశాం? ఎర్ర తాను అయిపోయింది. నల్లదానికి బూజు పట్టింది..."

"ఆకుపచ్చ!" అని అరిచాను. నా అరుపుకు వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆ వర్షాల్లో మా దగ్గర మిగిలింది ఒక్క ఆకుపచ్చ కాలికో. దాంతో కట్టినవి ఇరవై నవలలు, ఒకే ఆర్డరు, అన్నీ ఒకే చోటికి వెళ్ళాయి. గుడివాడలో రంగారావు గారి అద్దె లైబ్రరీకి. ఇరవై పుస్తకాలు, నలభై అట్టలు. వాటిలో ఏదో ఒక దాని కడుపులో రూతమ్మ గారి అమ్మ ఉంది.

పొద్దున పదిన్నరకు, మా షాపు చరిత్రలో మొదటిసారి, పని రోజున షట్టరు దించాను. ఖాదర్ మావయ్య వెదురుబద్దా, చిన్న కత్తీ గుడ్డలో చుట్టుకున్నారు. ముగ్గురం గుడివాడ బస్సెక్కాం. దారి పొడవునా రూతమ్మ గారు ఒళ్ళో ఎర్ర పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. నాకైతే బస్సు ఆగిన ప్రతి చోటా దిగి పరిగెత్తాలనిపించింది.

రంగారావు గారి లైబ్రరీ స్టేషను రోడ్డులో ఒక పొడుగాటి గది. ఆయనకు పుస్తకాలంటే ప్రాణం, మనుషులంటే అనుమానం. సంగతి విని కుర్చీలోంచి లేచారు. "బాగున్న పుస్తకాన్ని చింపుతానంటావా? అదీ చిరిగిపోయిన కవరు కోసం? అక్షరాలు చదివేవాళ్ళకి కవరుతో ఏం పనయ్యా?"

రెండు నెలల కిందట బ్యాంకు ఆఫీసరుతో నేనన్న మాటలే అవి! ఇంచుమించు ముక్కకు ముక్కగా తిరిగి నా నెత్తిన పడ్డాయి. రూతమ్మ గారు ముందుకొచ్చారు. "మా అమ్మ మొహమండీ, ఆ కవరు మీద. ఇంకెక్కడా లేదు" అన్నారు. అంతే అన్నారు.

రంగారావు గారు ఆవిడ వంక చూశారు. కళ్ళజోడు తీసి ధోవతి కొసతో తుడిచారు. "ఎన్ని చింపుతారు?" అన్నారు, ఈసారి గొంతు తగ్గించి.

"అన్నీ అక్కర్లేదు బాబూ" అన్నారు ఖాదర్ మావయ్య. "వాయించి చెప్తాను."

ఇది ఆయన పనితనంలో నాకే తెలియని సంగతి. ఫోటో అచ్చు వేయాలంటే నునుపు కాగితం కావాలి. నునుపు కాగితానికి పిండి సరిగా పట్టదు. ఎంత నొక్కిపెట్టినా ఆ పొర దగ్గర సన్నటి సందు మిగులుతుంది. వేలి కణుపుతో కొడితే మామూలు అట్ట గట్టిగా పలుకుతుంది, నునుపు కాగితం దాగిన అట్ట డొల్లగా పలుకుతుంది. మావయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను ఒక్కో పుస్తకం అందిస్తుంటే, చెవి దగ్గర పెట్టుకుని కొట్టారు. టక్, టక్. "ఇది కాదు." టక్. "కాదు." మధ్యాహ్నం అద్దె పుస్తకాల కోసం వచ్చిన జనం చుట్టూ మూగారు. బీరువాలో ఉన్న పదిహేడు పుస్తకాల్లో నాలుగు డొల్లగా పలికాయి.

పెరట్లో గంగాళంలో నీళ్ళు పోశాం. మావయ్య నాలుగు పుస్తకాల అట్టలు కత్తితో ఊడదీసి నానబెట్టారు. అరగంటకు పొరలు మెత్తబడ్డాయి. వెదురుబద్దతో ఒక్కొక్కటే విడదీస్తుంటే నునుపు కాగితాలు బయటపడ్డాయి. ఒకటి సబ్బు కంపెనీ క్యాలెండరు. ఇంకొకటి ఎవరిదో పెళ్ళి శుభలేఖ. మూడోది రేడియో ప్రకటన. నాలుగోది ఏదో పత్రిక బొమ్మ, చెరుకు తోట. ఒక్కొక్కటీ బయటికి వచ్చినప్పుడల్లా మేమందరం వంగి చూసేవాళ్ళం, మళ్ళీ వెనక్కి జరిగేవాళ్ళం. రూతమ్మ గారు మాత్రం ప్రతి కాగితాన్నీ అందుకుని, నలక్కుండా తీగ మీద ఆరేశారు. "ఇవి కూడా ఎవరివో ఒకళ్ళవి గదా బాబూ" అన్నారు.

మిగిలింది మూడు పుస్తకాలు. మూడూ పాఠకుల దగ్గర ఉన్నాయి. రంగారావు గారు లైబ్రరీని తన భార్యకు అప్పజెప్పి, చెప్పులేసుకుని, తానే ముందు నడిచారు. పొద్దున నన్ను తిట్టిన మనిషి, ఇప్పుడు నాకంటే వేగంగా నడుస్తున్నారు! మొదటి ఇంట్లో అట్టలు గట్టిగా పలికాయి. రెండో ఇంట్లోనూ అంతే. మూడోది సత్యవతి గారిల్లు. ఆవిడ అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఆ నవలే చదువుతోంది. చదువుతున్న చేతుల్లోనే, ఆవిడ కాదనే లోపు, ఖాదర్ మావయ్య వంగి వెనకట్ట మీద వేలితో కొట్టారు.

డొల్ల. నాలాంటి వాడికి కూడా తెలిసేంత డొల్ల.

"పుస్తకం ఇప్పించండమ్మా" అన్నాను.

"భలేవారే! ఇంకా ఇరవై పేజీలుంది. ఆ పిల్ల పెళ్ళి సంగతి తేలకుండా నేనిస్తానా?" అని ఆవిడ పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది.

"పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండమ్మా, అట్ట ఒక్కటి లాగి..."

"అట్ట లాగితే కాగితాలన్నీ నా ఒళ్ళో పడవూ? చదివాకే."

నేను గట్టిగా వాదించబోయాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రూతమ్మ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "చదువుకోనివ్వండి బాబూ. అమ్మ కోసం నలభై ఏళ్ళ పైన ఉన్నాను. ఇరవై పేజీలు ఉండలేనా?" అని అరుగు చివర కూర్చున్నారు. చేసేది లేక మేమూ కూర్చున్నాం. ఒక మనిషి నవల ముగిస్తుంటే నలుగురు మనుషులు ఎదురుగా కూర్చుని ఆ పేజీలు తిరగడం లెక్కపెట్టిన సంఘటన, పుస్తకాల వ్యాపారంలో మరెక్కడా జరిగి ఉండదు. సత్యవతి గారు ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. కళ్ళెత్తి మమ్మల్ని చూసింది. మళ్ళీ చదివింది. చివరికి ఉండబట్టలేక, "ఇంతకీ అట్టలో ఏముందండీ?" అని అడిగింది.

రూతమ్మ గారు చెప్పారు. గోడ సంగతి, ఉప్పెన సంగతి, మొహం కనబడకపోవడం సంగతి. విన్నంతసేపూ సత్యవతి గారి వేలు పుస్తకంలోనే ఉంది. విన్నాక ఆ వేలు బయటికి తీసింది.

"ఆ పిల్ల పెళ్ళి రేపవుద్దిలెండి" అని పుస్తకం ఖాదర్ మావయ్య చేతిలో పెట్టి, గంగాళం తేవడానికి తానే లోపలికి పరిగెత్తింది.

పెరట్లో, నూతి పక్కన, ఎండ వాలుతున్న వేళ. మావయ్య అట్ట ఊడదీసి నీళ్ళలో ఉంచారు. వేడి నీళ్ళు పోస్తే త్వరగా నానుతుంది కదా అంటే, "రంగు పోద్ది అల్లుడూ, ఆగు" అన్నారు. మొదటి పొర లెక్కల పరీక్ష పేపరు. రెండోది కరపత్రం. మూడోది పంచాంగంలో పేజీ. నాలుగోదీ ఏదో ముద్ద కాగితం. అయిదో పొర దగ్గర మావయ్య చెయ్యి ఆగింది. మందంగా, నున్నగా ఉంది. మా వైపున్న పక్కంతా ఖాళీ. ఆయన "బిస్మిల్లా" అని, వెదురుబద్దను కిందికి పోనిచ్చి, కాగితాన్ని అరచేతుల మీదికి తీసుకుని, తిప్పారు.

కుట్టు మెషీను. దాని ముందు ఒక స్త్రీ. మైలుతుత్తం వల్ల కాగితానికి లేత నీలిరంగు వచ్చింది గానీ ముఖం చెక్కు చెదరలేదు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మధ్య పాపిట, కొంచెం పెద్ద చెవులు, నవ్వు ఆపుకుంటున్నట్టు బిగబట్టిన పెదాలు. కళ్ళు నేరుగా మమ్మల్నే చూస్తున్నాయి. నాకు గట్టిగా కేక పెట్టాలనిపించింది. రంగారావు గారు పెట్టేశారు కూడా.

రూతమ్మ గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. "అమ్మ నాకన్నా చిన్నది" అన్నారు, మా ఎవరితోనూ కాకుండా. తరవాత ఆమె చూపు బొమ్మ అంచు దగ్గరికి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

మెషీను మీది నుంచి గుడ్డ పక్కకు వేలాడుతోంది. దాని కొసను ఒక చిన్న చెయ్యి పట్టుకుని ఉంది. మణికట్టు దాకా ఉంది. ఆ తరవాత లేదు. అక్కడితో కాగితం అయిపోయింది, కత్తితో కోసిన సూటి గీతలాగా.

"ఇది నా చెయ్యి" అన్నారు రూతమ్మ గారు. "అమ్మ కుడతా ఉంటే గుడ్డ జారకుండా కొస పట్టుకునేదాన్ని. ఫోటోలో నేను కూడా ఉన్నానా? నేనూ ఉన్నానని నాకు తెలీదు బాబూ!" అని నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. సత్యవతి గారు ఆమెను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

ఖాదర్ మావయ్య తడి చేతులతో అలాగే నిలబడి ఉన్నారు. "ఆ కత్తి నాదేనమ్మా" అన్నారు. "అట్ట సైజుకి ఎక్కువైందని నాలుగు వేళ్ళ వెడల్పు కోశాను. మిమ్మల్నే కోసేశాను." ముక్కల సంగతి నేను వేరే అడగక్కర్లేదు. కటింగ్ ముక్కలు ఏ రోజువి ఆ రోజు పొయ్యిలోకి వెళ్ళేవి. కోసింది ఆయనైనా, ఆ కవరును చూడకుండా చింపి ఆయన ముందు పడేసింది నేను. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

రూతమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. "నేనెట్లా ఉండేదాన్నో చూసుకోవాలని నాకేం లేదన్నా. అమ్మ ఉంది. అమ్మ గుడ్డ నేను పట్టుకునే ఉన్నాను. ఇంకేం కావాలి?" అన్నారు. ఆ మాటకు మావయ్య ముఖం పక్కకు తిప్పుకున్నారు.

ఆ రాత్రికి ఆవిడ సత్యవతి గారింట్లోనే ఉండిపోయి, మర్నాడు ఆరిన కవరుతో బందరు వచ్చారు. మావయ్య ఎర్ర బైండింగు విప్పి, కవరు అంటించడానికి పిండి గిన్నె దగ్గరికి లాక్కున్నారు. "పిండి వద్దన్నా, నేను కుడతాను" అని రూతమ్మ గారు సంచీలోంచి సూదీ దారం తీశారు. పుస్తకం పదకొండో పేజీకి తెరిచి ఎదురుగా పెట్టుకుని, తల్లి రాసిన పద్ధతి ప్రకారమే, వీపు పొడవునా గొలుసు కుట్టు వేసి కవరును పుస్తకానికి కలిపారు. కోసిన కవరు కదా, పుస్తకం కంటే నాలుగు వేళ్ళు తక్కువైంది. లోపలి పేజీ అంచు బయటికి కనబడుతోంది. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా? ఖాదర్ మావయ్య చెయ్యి ఆ పేజీల అంచును సమంగా కొయ్యడానికి దానంతటదే కత్తి మీదికి వెళ్ళింది.

"వద్దు!" అని నేనూ రూతమ్మ గారూ ఒకేసారి అరిచాం. మావయ్య ఉలిక్కిపడి, కత్తిని చూసుకుని, నవ్వాపుకోలేకపోయారు. ఆ రోజు మా షాపులో ముగ్గురం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

ఆ తరవాత మా వ్యాపారం చాలా మారింది. బ్యాంకు ఆఫీసరు గారి లాంటివాళ్ళు ఒకరికి పదిమంది అయ్యారు. కవరు ఉందా, అంచులు కోశారా, కుట్టు పాతదేనా అని అడిగేవాళ్ళే మాకు పెద్ద ఖాతాదారులయ్యారు. వాళ్ళ లెక్కలో రూతమ్మ గారి పుస్తకం డిఫెక్టివ్ కాపీ, అంటే లోపం ఉన్నది, ఎవరూ ముట్టుకోరు. నేను ఆఫీసరు గారికి ఈ కథంతా చెప్పి, మొదటి రోజు వెక్కిరించినందుకు క్షమాపణ అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, "మీరు నన్ను చూసి నవ్వడం వీధి చివర దాకా వినపడిందండీ" అన్నారు. చింపి అట్టలో పెట్టడం వల్లే ఆ కవరు చెదల పాలు కాకుండా మిగిలిందని ఖాదర్ మావయ్య చివరిదాకా వాదించేవారు. మిగిలిన కాపీలు మట్టిగా రాలడం నేనే చూశాను కాబట్టి ఆ మాట కాదనలేను. అలాగని ఒప్పుకోనూ లేను.

ఆ ఏప్రిల్ నుంచి నేను ఒక్క కవరూ చింపలేదు. కటింగ్ మానేశాం. నీటుగా చేసి ఇవ్వమని ఎవరైనా మరీ పట్టుబడితే, ముందు దాని కవరును వెలుతురులో పెట్టి నాలుగు అంచులూ చూస్తాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. కొసన ఎవరి చెయ్యి ఉంటుందో మనకు తెలియదు.